పన్నెండు అడుగుల దూరం

మహాభారతం చివర్లో ఒక కుక్క ఉందని అందరికీ తెలుసు. ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్క అది. మొదట్లో కూడా ఒక కుక్క ఉందన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ఆదిపర్వంలో, అసలు కథ ఇంకా మొదలుకాకముందే, జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సారమేయుడనే కుక్కపిల్ల వస్తుంది. దేవతల కుక్క సరమకి కొడుకు వాడు. జనమేజయుడి తమ్ముళ్లు వాణ్ణి కొడతారు. ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతాడు. సరమ యాగశాలకి వచ్చి ఒకటే అడుగుతుంది: నా బిడ్డ హవిస్సు ముట్టలేదు, అటు కన్నెత్తి కూడా చూడలేదు, మరెందుకు కొట్టారు? ఎవరూ జవాబు చెప్పరు. అప్పుడు శపిస్తుంది. చచ్చిపొమ్మని కాదు, రాజ్యం పోవాలనీ కాదు. నువ్వు ఊహించని భయం నీకు కలుగుతుంది అంటుంది.

పదకొండో శతాబ్దంలో నన్నయ ఈ ఘట్టాన్ని తెలుగు చేస్తూ సరమ నోట ఒక కందపద్యం పెట్టాడు. పేదలకూ సాధువులకూ ముందూ వెనకా చూడకుండా కీడు చేసేవాళ్లకి కారణం లేని భయాలు వచ్చిపడతాయని దాని సారం. మామూలుగా దాన్ని నీతిపద్యంగా చదువుకుంటాం. ఇంట్లో ఒక పిరికి కుక్కని పెట్టుకున్నాక చదివితే నాకు ఇంకో సంగతి తట్టింది. దెబ్బతిన్న కుక్కపిల్ల తల్లి, తనకి తెలిసిన శిక్షల్లోకెల్లా పెద్దదాన్ని ఏరి ఇచ్చింది. ఆ పెద్ద శిక్ష భయమే.

మా కుక్క పేరు జున్ను. మూడేళ్లది. ఐదు నెలల వయసులో వీధిలోంచి మా ఫ్లాట్‌కి వచ్చింది. లిఫ్ట్ తలుపు, బుల్లెట్ బండి, బస్తా మోసుకొచ్చే మనిషి, వాటర్ క్యాన్ నేలమీద పడ్డ చప్పుడు, ఇవన్నీ దానికి భయం. గేటు దాటగానే తోక కాళ్ల మధ్యకి పోతుంది, ఒళ్లంతా రాయి అయిపోతుంది. చూసినవాళ్లు రకరకాలుగా అంటారు: మొండిది, పొగరు, గారాబం ఎక్కువైంది. గమనిస్తే ఈ మాటలన్నీ మాట వినకపోవడానికి సంబంధించినవే. భయానికి సంబంధించిన మాట ఒక్కటీ లేదు.

డాక్టరు ముందు ఒళ్లంతా తడిమి, చెవులూ కీళ్లూ చూసి, నొప్పేమీ లేదని తేల్చుకున్నారు. నొప్పి ఉన్న కుక్క కూడా ఇలాగే బెదురుతుందట. తర్వాత ఆవిడ చెప్పిన వైద్యం వింటే నవ్వొస్తుంది. భయపడే వస్తువు కనిపించాలి, కానీ జున్ను ఇంకా తిండి తినగలిగేంత దూరంలో ఉండాలి. అది కనిపించిన ప్రతిసారీ ఉడికించిన చికెన్ ముక్క ఒకటి పెట్టాలి. తినడం మానేస్తే దగ్గరికి వెళ్లిపోయామని లెక్క, వెనక్కి రావాలి. కొన్ని రోజులయ్యాక ఒక అడుగు ముందుకి. అంతే.

ఇంత చిన్న సంగతిని ఎవరు కనిపెట్టారా అని వెతుక్కుంటూ పోతే, ఒకే సంవత్సరంలో, రెండు దేశాల్లో, ఒక కుక్కా ఒక పిల్లవాడూ కనిపించారు.

*

1924 సెప్టెంబర్ 23న లెనిన్‌గ్రాడ్‌లో నేవా నది పొంగింది. ఊరికి ఆ పేరు పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్‌లో ఇవాన్ పావ్లోవ్ కుక్కలుండేవి. జీర్ణక్రియ మీద చేసిన పనికి పావ్లోవ్‌కి 1904లోనే నోబెల్ వచ్చింది. ఆ తర్వాత ఆయన దృష్టంతా, ఒక చప్పుడుకో వెలుగుకో కుక్క నోట్లో లాలాజలం ఊరడం ఎలా అలవాటవుతుందన్న దాని మీదే ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో మిగిలింది గంట ఒక్కటే గానీ, ఆయన మెట్రోనోమ్‌లూ బజర్లూ దీపాలూ కూడా వాడాడు.

ఆ రోజు కుక్కల షెడ్ల దగ్గర నీళ్లు పెరిగాయి. గాలివాన, అలలు, చెట్లు విరిగిపడుతున్న చప్పుడు. వాటి మధ్య కుక్కల్ని చిన్నచిన్న గుంపులుగా ఈదించి ప్రయోగశాల భవనంలోకి చేర్చారు. అక్కడ అన్నిటినీ ఒక్కచోట కుక్కారు. వరద తగ్గింది. పని మళ్లీ మొదలైంది. కానీ ఒక కుక్క మునుపటిలా లేదు. ప్రయోగం బల్ల మీద నిలబెడితే కుదురుగా ఉండదు, తిండి పెడితే ముట్టదు. ఏళ్ల తరబడి నేర్చుకున్న అలవాట్లు దాదాపు చెరిగిపోయాయి. అన్ని కుక్కలూ ఇలా అవలేదు. దాంతో, పుట్టుకతోనే కొన్ని నాడీవ్యవస్థలు బలహీనంగా ఉంటాయన్న తన సిద్ధాంతానికి పావ్లోవ్ ఇందులో సాక్ష్యం చూసుకున్నాడు.

తర్వాత రెండు సంగతులు జరిగాయి. మొదటిది క్రూరమైనది. కుక్క కాస్త కోలుకున్నాక, గది తలుపు కిందనుంచి సన్నటి నీటిధారని చప్పుడు లేకుండా లోపలికి వదిలారు. కుక్క ఉలిక్కిపడి, నేలకేసి చూస్తూ, రొప్పుతూ, బల్ల మీదనుంచి తప్పించుకోవాలని పెనుగులాడింది. అలవాట్లన్నీ మళ్లీ పోయాయి. వరదంతటి భయాన్ని తిరిగి లేపడానికి చారెడు నీళ్లు సరిపోయాయి.

రెండోదాన్ని జనం అంతగా గుర్తుపెట్టుకోలేదు. మామూలుగా ఆ గదిలో కుక్క ఒక్కటే ఉంటుంది, ప్రయోగం చేసేవాడు బయట కూర్చుంటాడు. ఈ కుక్క విషయంలో అతన్ని లోపలికి పంపి చూశారు. తనకి తెలిసిన మనిషి పక్కన ఉంటే కుక్క కుదుటపడింది, తిండి తింది, పాత అలవాట్లు తిరిగొచ్చాయి. తర్వాత మనిషి బదులు అతని బట్టలు మాత్రం కుక్కకి కనపడని చోట పెట్టారు. ఆ వాసన కూడా పనిచేసింది, కాస్త తక్కువగా.

లాలాజలాన్ని చుక్కలు చుక్కలుగా కొలిచే ప్రయోగశాల అది. బయటి చప్పుడు రాకుండా ప్రత్యేకంగా కట్టుకున్న గదులు వాళ్లవి. అంత సరంజామా మధ్య ఆ కుక్కని కోలుకునేలా చేసింది ఒక మనిషి చొక్కా వాసన. బెదిరిన కుక్కని ఊరడిస్తే భయం ఇంకా పెరుగుతుందని, దాన్ని పట్టించుకోకూడదని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. 1924 నాటి ఆ కుక్క ప్రవర్తన అందుకు పూర్తిగా వ్యతిరేకం.

*

అదే 1924లో న్యూయార్కులో మేరీ కవర్ జోన్స్ ఒక చిన్న పరిశోధనాపత్రం అచ్చువేసింది. అందులో పీటర్ అనే పిల్లవాడున్నాడు, మూడేళ్లు నిండలేదు. కుందేలంటే హడల్. బొచ్చుకోటు చూసినా, దూది చూసినా ఏడుపే. నాలుగేళ్ల ముందు జాన్ వాట్సన్ ఒక పసివాడికి భయాన్ని ఎలా నేర్పవచ్చో చేసి చూపించి పేరు తెచ్చుకున్నాడు. నేర్పిన భయాన్ని పోగొట్టే పని మాత్రం ఆయన చేయలేదు. ఆ పని జోన్స్ తీసుకుంది.

పీటర్‌ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెట్టేవారు. అతను తింటున్నప్పుడు పంజరంలో కుందేలుని గదిలోకి తెచ్చేవారు, తిండికి అడ్డం రానంత దూరంలో. అతని పురోగతిని జోన్స్ మెట్లు మెట్లుగా రాసుకుంది. పన్నెండు అడుగుల దూరంలో పంజరంలో ఉంటే ఓర్చుకున్నాడు. తర్వాత నాలుగు అడుగులు. తర్వాత మూడు. చివరికి కుందేలుని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు కొరకనిచ్చేదాకా వచ్చాడు. కుందేలంటే భయం లేని పిల్లల్ని కూడా అప్పుడప్పుడు పక్కన ఆడుకోనిచ్చేవారు. ఇందులో ఒక ప్రమాదం ఉందని కూడా జోన్స్ హెచ్చరించింది: తొందరపడితే కుందేలు మీద ఇష్టం పుట్టడానికి బదులు తిండి మీదే భయం పుట్టవచ్చు. జున్ను డాక్టరు నాకు చెప్పిన మాట, ఇంచుమించు అదే.

ఈ కథ మధ్యలో ఒక విరామం ఉంది. పీటర్ బాగుపడుతున్న సమయంలో స్కార్లెట్ జ్వరం వచ్చి రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి వెళ్లడానికి నర్సుతో టాక్సీ ఎక్కబోతుంటే, పరుగెత్తుకుంటూ పోతున్న ఒక పెద్ద కుక్క వాళ్ల మీదకి దూకింది. ఇద్దరూ బెదిరిపోయారు. కుందేలు భయం మళ్లీ మొదటికొచ్చింది. అన్ని నెలల శ్రమనీ ఒక కుక్క ఒక్క క్షణంలో చెరిపేసింది. జోన్స్ మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకునే ఆ కుర్చీ, తిండి, పంజరం పద్ధతి ఈ రెండో విడతలోదే.

*

ఈ పత్రాన్ని చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో దక్షిణాఫ్రికా సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జోసెఫ్ వోల్పేకి, యుద్ధంలో మనసు చెదిరిన సైనికులని బాగుచేయడానికి అప్పటికున్న పద్ధతులు పనిచేయడం లేదనిపించింది. యుద్ధం అయ్యాక జొహానెస్‌బర్గ్‌లో పిల్లుల మీద ప్రయోగాలు చేశాడు. పంజరంలో పెట్టి కరెంటు షాకులిచ్చాడు. ఆ పంజరంలో అవి ఆకలితో ఉన్నా తినేవి కావు. ఆ గదిలోనూ తినేవి కావు. అప్పుడు ఆ గదికి కాస్త మాత్రమే పోలిక ఉన్న ఇంకో గదిలో తిండి పెట్టాడు. అక్కడ తిన్నాయి. తర్వాత ఇంకాస్త పోలిక ఉన్న గది. అలా మెట్టుమెట్టుగా చివరికి అదే పంజరంలో తిన్నాయి. 1958లో వచ్చిన ఆయన పుస్తకం మనుషుల భయాల వైద్యాన్ని మార్చేసింది. విమానం ఎక్కలేనివాళ్లూ, నలుగురిలో మాట్లాడలేనివాళ్లూ ఈనాటికీ చేయించుకునే చికిత్సకి మూలం అక్కడుంది. ఈ చికిత్సకి తల్లి మేరీ కవర్ జోన్స్ అని వోల్పే చెప్పుకున్నాడు.

ఈ యాభై ఏళ్లూ కుక్కల శిక్షణ ఇంకో దారిలో పోయింది. తెలుగులో శిక్షణ, శిక్ష ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ఆ దారికి రెండూ సరిపోతాయి. జర్మనీలో పోలీసు కుక్కలకి తర్ఫీదిచ్చిన కొన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన పుస్తకంలో బెత్తమూ ముళ్ల పట్టీ పనిముట్లు. 1962లో అమెరికాలో విలియం కోలర్ పుస్తకం లీష్‌ని గుంజి లాగడాన్ని ఇంటింటికీ చేర్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బాసెల్ జూలో బంధించిన తోడేళ్ల గొడవలు చూసి రాసిన దాన్నుంచి, కుక్కకి యజమాని 'ఆల్ఫా'గా ఉండాలన్న నమ్మకం పుట్టుకొచ్చింది. తన పుస్తకంతో ఆ మాటకి ప్రచారం కల్పించిన డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మా నాన్నా పిల్లలే తప్ప సింహాసనం కోసం కొట్లాట కాదని 1999లో రాశాడు. అప్పటికే ఆ మాట ఊరూరా పాకింది. వీళ్లందరి లెక్కలో, గేటు దగ్గర కదలకుండా కూర్చున్న జున్ను తిరగబడుతున్నట్టు. పోలీసు కుక్క కోసం రాసిన పుస్తకంలో భయానికి అధ్యాయం ఉండకపోవడంలో వింత లేదు. అదే పుస్తకం మన ఇళ్లలోకి ఎందుకొచ్చిందన్నదే ప్రశ్న.

మా మావయ్య సలహా వేరు. "నాలుగు సోమవారాలు మా సంతలోకి తీసుకురామ్మా, అదే అలవాటవుతుంది," అన్నాడు. ఆయన జంతువుల మధ్య పెరిగిన మనిషి, తేలిగ్గా తీసేయలేను. నీళ్లలో తోస్తే ఈత వస్తుందన్న నమ్మకం లాంటిదే ఇదీ. మానసిక వైద్యులకీ ఈ పద్ధతి తెలుసు. వాళ్లు దీన్ని 'ఫ్లడింగ్' అంటారు. వరదలో పడేయడమన్న మాట. తెలిసి, ఒప్పుకుని వచ్చిన మనిషికి, డాక్టరు పక్కనుంటే ఇది పనికి రావచ్చు. కుక్కని ఒప్పించేది ఎలా?

సంతలో నాలుగో వారానికి జున్ను నిజంగానే నిశ్శబ్దంగా నిలబడి ఉండేదేమో. ఆ నిశ్శబ్దం ఏమిటన్నది 1967లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ చూపించారు. తప్పించుకునే వీలు లేకుండా షాకులు తిన్న కుక్కల్లో చాలా మటుకు, తర్వాత చిన్న గోడ దూకితే చాలు తప్పించుకోవచ్చన్న చోట కూడా దూకలేదు. పడుకుని కుయ్‌కుయ్‌మంటూ షాకులు భరించాయి. బయటినుంచి చూసేవాడికి 'కుదురుకుంది' అనిపించే కుక్క, ఏం చేసినా లాభం లేదని తేల్చుకున్న కుక్క కూడా కావచ్చు. వాటిని మామూలు చేయడానికి లీష్ పట్టి గోడ అవతలికి మళ్లీ మళ్లీ లాక్కెళ్లాల్సి వచ్చింది, తప్పించుకోవడం సాధ్యమేనని ఒళ్లు నమ్మేదాకా. మావయ్యకి ఇదంతా చెప్పలేదు. "దానికి జనం పడదు మావయ్యా, మెల్లగా చూద్దాం," అన్నాను. "నీ ఇష్టం," అన్నాడు.

*

అసలు కొన్ని కుక్కలే ఎందుకిలా అవుతాయి? దీనికి సగం జవాబు అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో దొరికింది. 1961లో అక్కడి ప్రయోగమొకటి అచ్చయింది. ఎత్తైన కంచె లోపల, మనుషులు కనపడకుండా కుక్కపిల్లల్ని పెంచారు. కొన్నిటిని రెండో వారంలో, కొన్నిటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వారాల్లో బయటికి తెచ్చి ఒక వారం పాటు మనుషుల మధ్య ఉంచారు. పద్నాలుగు వారాలదాకా మనిషినే చూడనివి ఆ తర్వాత ఎంత బుజ్జగించినా అడవి జంతువుల్లా మిగిలిపోయాయి. అదే ల్యాబ్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఐదు జాతుల కుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేసి 1965లో పుస్తకం తెచ్చారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల మనసు తెరిచి ఉంటుందని, అప్పుడు పరిచయమైనదే దానికి లోకమవుతుందని వాళ్లు తేల్చారు.

ఆ వారాల్లోనే టీకాల సమస్య కూడా ఉంది. 1978లో పార్వో వైరస్ ప్రపంచమంతా పాకినప్పటినుంచి, టీకాలన్నీ అయ్యేదాకా పిల్లని గడప దాటనివ్వొద్దన్న సలహా బలపడింది. దాంతో చాలా కుక్కలకి ఆ కిటికీ ఇంట్లోనే మూసుకుపోయింది. అమెరికాలో జంతు ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2008లో, టీకాల వరస పూర్తికాకముందే జాగ్రత్తగా లోకాన్ని పరిచయం చేయమని చెప్పింది.

ఇది చదివాక జున్ను నాకు కొంచెం అర్థమైంది. వీధిలో పుట్టింది కాబట్టి దానికి ఆవులు కొత్త కాదు, మేకలు కొత్త కాదు, ఆటోలు కూడా కాదు. కింద నేల కదిలే ఇనప గది కొత్త. నున్నటి టైల్స్ కొత్త. దాని కిటికీ తెరిచే ఉండింది, ఇంకో లోకం వైపు. వీధికుక్కని ఫ్లాట్‌కి తేవడమంటే, ఒక భాషలో పెరిగినదాన్ని ఇంకో భాషలోకి తోసేయడమే.

ఇంతకీ 1924 నాటి పద్ధతి కుక్కల దగ్గరికి తిరిగొచ్చింది ఎప్పుడు? 1974లో డేవిడ్ ట్యూబర్, డేవిడ్ హోదర్‌సాల్, విక్టోరియా వోయిత్ అమెరికన్ సైకాలజిస్ట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ప్రయోగశాలల్లో జంతువుల మీద నేర్చుకున్నదాన్ని జంతువుల బాధలు తీర్చడానికి కూడా వాడదామన్నది వాళ్ల ప్రతిపాదన. ఉరుములకి భయపడే కుక్క ఉదాహరణ కూడా అందులో ఉంది: రికార్డు చేసిన ఉరుము, మొదట బాగా తక్కువ శబ్దంతో, పక్కన తిండి, రోజులు గడిచేకొద్దీ శబ్దం కొంచెం కొంచెంగా పెంచడం. లెనిన్‌గ్రాడ్ వరదనుంచి అక్కడికి యాభై ఏళ్లు. 1998లో ఒంటరితనానికి బెంబేలెత్తే కుక్కల కోసం క్లోమిప్రమిన్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. అదీ మనుషుల దిగులుకి ముందునుంచీ వాడుతున్న మందే.

పావ్లోవ్ బతికుండగానే, 1935లో, ఆ సంస్థ ఆవరణలో కుక్కకి ఒక స్మారకం కట్టారు. మనిషి కోసం కుక్క ఏమిచ్చిందో చెప్పే స్మారకం అది. బార్ హార్బర్ కంచె లోపలి పిల్లలకీ, షాకులు తిన్న కుక్కలకీ, జొహానెస్‌బర్గ్ పిల్లులకీ అలాంటిదేమైనా ఉన్నట్టు నా కంటపడలేదు. ఉదయం చికెన్ ముక్కలు తరిగేటప్పుడు నాకు సరమ ప్రశ్న గుర్తొస్తుంది. అవి కూడా ఏమీ ముట్టలేదు, అటు చూడలేదు. జున్నుకి నేను చేసే వైద్యం వాటి భయంలోంచే తయారైంది. అది తెలిసి ఈ పద్ధతిని వదిలేయలేను. తెలియనట్టూ ఉండలేను.

*

ఇంకొక భయం గురించి చెప్పకుండా ఇది పూర్తికాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ సీసీటీవీ వీడియో ప్రతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకీ వచ్చింది. ఆ తర్వాత లిఫ్ట్ దగ్గర జున్నుని చూసి పిల్లల్ని వెనక్కి లాక్కునే తల్లుల్ని నేను తప్పుపట్టలేను. వాళ్ల భయాన్ని మొండితనమనో, జంతుప్రేమ లేదనో అంటే, జున్నుని చూసి పొగరనేవాళ్లకీ నాకూ తేడా ఉండదు.

మా బ్లాకులో నాలుగో అంతస్తులో ఒక ఆరేళ్ల పిల్లాడున్నాడు. కుక్క కనిపిస్తే వాళ్ల నాయనమ్మ చీర కొంగులో దూరిపోతాడు. "కాస్త ఆగమ్మా, వీడు దాటిపోయేదాకా," అంటుంది ఆవిడ. "ఉంటాం పిన్నిగారూ, తొందరేం లేదు," అంటాను. మొదట్లో మేము నోటీసుబోర్డు దగ్గరే ఆగేవాళ్లం. లిఫ్ట్‌కీ నోటీసుబోర్డుకీ మధ్య రెండడుగుల టైల్స్ ఆరు. అంటే పన్నెండు అడుగులు. ఈ లెక్క నేను వేసింది కాదు, పిల్లాడు వేశాడు. నాయనమ్మ చెయ్యి పట్టుకుని, బిస్కెట్ తింటూ, టైల్స్ లెక్కపెట్టాడు. జున్ను తన చికెన్ తింటోంది. ఇద్దరూ ఒకరినొకరు ఓరకంట చూసుకుంటూనే ఉన్నారు.

రెండు నెలలకి ఆరు టైల్స్ కాస్తా నాలుగయ్యాయి. జున్ను ఇంకా లిఫ్ట్ ఎక్కదు, మేము మెట్లే దిగుతాం. ముట్టుకోవాలని వాడికీ లేదు, మాకూ లేదు. వచ్చే నెల దీపావళి. టపాకాయల చప్పుడుకి జున్ను మంచం కిందకి దూరుతుందనీ, తర్వాత మళ్లీ ఆరో టైలు దగ్గర మొదలుపెట్టాలనీ వాడికి చెప్పాను. "సరే," అన్నాడు. మంచం కింద పరచడానికి నా పాత చున్నీ ఒకటి ఉతకకుండా పక్కన పెట్టాను.